ఉత్తర తెలంగాణ పెరటి తోటల్లో అరుదైన పామ్‌లు: పెంపకం, పూత

తాటి, ఈత, కొబ్బరి, పోక, జీలుగు చెట్లున్న కుటుంబాన్ని వృక్షశాస్త్రంలో అరెకేసి అంటారు. ప్రపంచం మొత్తం మీద ఈ కుటుంబంలో సుమారు 180 ప్రజాతులు, 2,600 జాతులు ఉన్నాయి. కాయ కోసమో కల్లు కోసమో కాకుండా ఆకు తీరు, మాను అందం చూసి తోటల్లో పెంచేవి అలంకార తాళజాతులు. నర్సరీ మాటలో ఇవన్నీ పామ్‌లే. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఇళ్లలో ఇవి ఎక్కువగా గేటుకు అటూ ఇటూ నిలబెట్టిన జంటలుగా, వరండా కుండీల్లో మొక్కలుగా కనిపిస్తాయి. వీటిలో పూత దాకా వచ్చేవి తక్కువ. కొన్న మొక్క బతకడం ఒక మెట్టు, పూయడం ఇంకో మెట్టు. ఈ రెంటి మధ్య జాతిని బట్టి ఐదేళ్లు పట్టవచ్చు, యాభై ఏళ్లూ పట్టవచ్చు.

ఆకు కోసం కొన్న మొక్కకు పూతతో పనేమిటని అడగవచ్చు. పని ఉంది. చాలా పామ్‌ల జాతిని గట్టిగా నిర్ధారించాలంటే పువ్వే ఆధారం. ఆడా మగా వేరుగా ఉండే జాతుల్లో ఏ చెట్టు ఏదో పూసేదాకా తెలియదు. పుట్టిన చోట కనుమరుగవుతున్న జాతులకైతే పెరట్లో కట్టిన గింజ కూడా లెక్కలోకి వస్తుంది.

2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగాక ఈ ప్రాంతం చాలావరకు కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా ఉంది. ఈ వ్యాసం పాత రెండు జిల్లాల పరిధిని ఒకటిగానే తీసుకుంటుంది. గోదావరి మధ్యగా పారే ఈ నేలలో తోట పని ఒడ్డు మారితే కొంత మారుతుంది గాని, ఎండ మాత్రం రెండు ఒడ్లకూ ఒకటే.

ఎండ, చలి, నేల

తెలంగాణలో చలి ఎక్కువగా పడే ప్రాంతం ఉమ్మడి ఆదిలాబాద్. డిసెంబరు, జనవరిలో చలిగాలులు వీచిన రాత్రుల్లో సిర్పూర్ (యు), తిర్యాణి వంటి మండలాల్లో ఉష్ణోగ్రత ఐదు డిగ్రీల కంటే దిగువకు పడిపోతుంది. మే నెలలో అదే ప్రాంతం 45 డిగ్రీలు దాటుతుంది. రామగుండం, మంచిర్యాల బొగ్గు గనుల పట్టీలో ఎండ ఎంత కాస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. భూమధ్యరేఖ దగ్గరి తడి అడవుల నుంచి వచ్చిన పామ్‌లు ఈ రెండు కొసల మధ్య నలిగిపోతాయి. అలాంటి జాతుల ఆకులు పది డిగ్రీల లోపు చలికే నల్లబడతాయి. రోహిణి కార్తె వడగాలికి మిగిలిన ఆకుల అంచులు మాడిపోతాయి.

వాన లెక్కన చూస్తే ఆదిలాబాద్ వైపు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైన, కరీంనగర్ వైపు సుమారు తొమ్మిది వందలు పడుతుంది. లెక్క చిన్నదేమీ కాదు. కాని అందులో సింహభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురిసిపోతుంది. మిగతా ఎనిమిది నెలలు చెట్టు బోరు నీళ్ల మీద ఆధారపడుతుంది.

నేలది మరో కథ. దక్కను లావా రాళ్లు శిథిలమై ఏర్పడ్డ నల్లరేగడి ఆదిలాబాద్‌లో విస్తారంగా ఉంది. వానాకాలంలో ఉబ్బి నీళ్లు పట్టి ఉంచే ఈ నేల ఎండాకాలంలో పగుళ్లిచ్చి, లేత వేర్లను తెంపేస్తుంది. కరీంనగర్ గ్రానైట్ పేరు ఇతర దేశాలకూ తెలుసు. ఆ రాయి మీది చెలక, దుబ్బ నేలల్లో నీరు నిలవదు, పొటాషియమూ నిలవదు. పామ్ వేర్లకు గాలి కావాలి కాబట్టి రెంటిలో చెలకే మేలు. రేగడిలో నాటక తప్పకపోతే గుంత తవ్వడం కన్నా ఎర్రమట్టి, మొరం, ఇసుక కలిపి అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటడం మంచిది. రేగడిలో లోతుగా తవ్వి మంచి మట్టి నింపినా ఆ గుంత వానాకాలంలో నీళ్ల తొట్టిగా మారుతుంది.

స్థానిక తాళజాతులు

పరదేశపు పామ్‌ల గురించి తెలుసుకోవాలన్నా ఇక్కడి తాటి, ఈత, చిట్టీత, జీలుగులే మొదటి పాఠం. గౌడన్నలు తరతరాలుగా చెట్టెక్కి తెలుసుకున్నది పుస్తకాల్లో వృక్షశాస్త్రంగా కనిపిస్తుంది.

తాడిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. పోతుతాడుకు వేళ్ల లాంటి పూకాడలు వస్తాయి, కాయ ఉండదు. పండుతాడుకు ముంజలు కాస్తాయి. మొలిచిన నాటి నుంచి తొలి పూత దాకా పన్నెండు నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా చూసి చెప్పే గుర్తంటూ ఏదీ లేదు. గీసే కల్లు, పూగెలకు చేరవలసిన చక్కెర నీరు. గెల చివర సన్నగా గీసి లొట్టి కట్టగానే, పువ్వుకూ కాయకూ పోవలసింది బయటికి కారుతుంది. ఈతలో పద్ధతి వేరు. అక్కడ పూగెలను కాక తల దగ్గర లేత మానును చెక్కుతారు. ఏటా వైపు మార్చి చెక్కడం వల్లనే ముదురు ఈత మాను గాట్లు గాట్లుగా వంకర తిరిగి ఉంటుంది.

చిట్టీత గుట్టల మీద, అడవి అంచుల్లో పొట్టిగా పెరుగుతుంది. అలంకారానికి ఎంతో బాగుంటుంది, ఎండకు జంకదు, నర్సరీల్లో మాత్రం కనిపించదు. చీపుర్లకు తప్ప దానికి విలువ లేదనుకోవడమే కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

జీలుగు చెట్టుది విచిత్రమైన బతుకు. చేపతోక లాంటి ఆకులతో పెరిగినన్నాళ్లు పెరిగి, ఎదుగుదల ఆగాక తల దగ్గర తొలి గెల వేస్తుంది. తర్వాతి గెల దాని కింద, ఆ తర్వాతిది ఇంకా కింద. ఇలా కొన్నేళ్ల పాటు పైనుంచి కిందికి పూసుకుంటూ వచ్చి, అట్టడుగు గెల పండాక చెట్టు ఎండిపోతుంది. ఆదిలాబాద్ మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని అధ్యయనం చేసిన హైమెండార్ఫ్, గోదావరి కొండల కొండరెడ్ల మీద 1945లో వెలువరించిన గ్రంథంలో ఈ చెట్టుకు పెద్ద చోటే ఇచ్చాడు. కొండరెడ్లు దాని కల్లు తాగేవారు, కరువు నెలల్లో మానులోని పిండి తినేవారు. ఆ పిండి చెట్టు తన చివరి పూతల కోసం ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న నిల్వ.

పూత పుట్టే తీరు

పామ్‌కు పెరిగే మొగ్గ ఒక్కటే. అది మాను కొనలో, మట్టల మధ్య దాగి ఉంటుంది. దాన్నే మొవ్వు అంటారు. మామిడికో వేపకో కొమ్మ నరికితే పక్క నుంచి చిగురు వస్తుంది. ఒంటిమాను పామ్‌కు తల నరికితే చెట్టు పోయినట్టే. కరెంటు తీగల కింద నాటిన రాయల్ పామ్‌లకు చాలా ఊళ్లలో ఇదే గతి పట్టింది.

మొవ్వులో పుట్టే ప్రతి ఆకుకూ దాని చంకలో ఒక పూగెలకు చోటుంటుంది. చాలా జాతుల్లో ఆకుకు ఒక గెలే, అంతకు మించి రాదు. లేత వయసులో ఆ చోటు ఖాళీగా పోతుంది, లేదా మొదలైన మొగ్గ లోపలే ఎండిపోతుంది. మాను తగినంత లావెక్కి, ఆకుల సంఖ్య నిండి, నిల్వ కుదిరాక ఆ మొగ్గలు బయటికి వస్తాయి. కొబ్బరి మీద జరిగిన పరిశోధనల ప్రకారం ఇవాళ విచ్చుకున్న గెల రెండేళ్లకు పైగా ముందే మొవ్వులో మొలకెత్తి ఉంటుంది. అందుకే ఈ ఏడాది వేసవిలో నీళ్లు తప్పితే దాని దెబ్బ ఈ ఏడాది కనిపించదు, రెండేళ్ల తర్వాత గెల రాకపోవడంగానో సన్నగా రావడంగానో కనిపిస్తుంది. తోటవాళ్లు పూత రాని ఏటి ఎరువునో మందునో తప్పు పట్టడం మామూలు. అసలు కారణం అంతకు రెండు వేసవుల కిందటిది కావచ్చు.

విత్తనం నుంచి వచ్చిన పామ్ మొదటి కొన్నేళ్లు పైకి పెరగదు. మొదలు నేలలోనే పక్కలకు విస్తరిస్తుంది. చెట్టు కాండం తర్వాత లావెక్కదు కాబట్టి, పైకి లేవడానికి ముందే ఎంత లావుండాలో అంత లావుగా పునాది వేసుకుంటుంది. ఈ దశలో మొక్క కదలకుండా ఉందని విసిగి పీకేసేవారు చాలామంది. నిజానికి అది పూత వైపు మొదటి అడుగు.

గెల వచ్చే చోటు జాతి గుంపును బట్టి మారుతుంది. రాయల్ పామ్, ఫాక్స్‌టెయిల్, బాటిల్ పామ్ వంటి వాటిలో మట్టల ఒరలు చుట్టుకుని నున్నటి ఆకుపచ్చ స్తంభంలా ఏర్పడతాయి. పాత మట్ట ఒరతో సహా రాలాక, ఆ స్తంభం కింద మాను మీద గెల విచ్చుకుంటుంది. తాడి, బిస్మార్కియా, విసనకర్ర ఆకుల జాతుల్లో గెల మట్టల మధ్య నుంచే వస్తుంది. శ్రీతాళంలో తల మీద నుంచి ఆకాశంలోకి లేస్తుంది.

అలంకార తోటల్లో మట్టలు నరికే అలవాటు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. చెట్టు నీటుగా కనిపించాలని పండగకోసారి సగం మట్టలు నరికి, తల మీద నాలుగాకులు మాత్రం నిలబెడతారు. గెల మట్టల మధ్య నుంచి వచ్చే జాతుల్లో మట్టను మొదలంటా చెక్కితే చంకలోని లేత మొగ్గ దెబ్బతింటుంది. ఏ జాతిలోనైనా పూతకు కావలసిన చక్కెర చేసేది పచ్చటి ఆకే. పసుపెక్కిన పాత మట్ట కూడా పనికిమాలినది కాదు. పొటాషియం చాలనప్పుడు చెట్టు పాత ఆకులోంచి దాన్ని లాగి కొత్త ఆకుకు పంపుకుంటుంది. ఆ పసుపు మట్టను కోస్తే కొరత ఇంకో వరుస పైకెక్కుతుంది. పూర్తిగా గోధుమరంగుకు వచ్చి, చేత్తో లాగితే ఊడే మట్టనే తీయాలి.

ఒక్కసారే పూసి ఎండేవి

పామ్‌లలో అధికభాగం ఒకసారి మొదలుపెడితే ఏటా పూస్తాయి. కొన్ని మాత్రం జీవితకాలం పొదుపు చేసి ఒక్కసారే ఖర్చు పెడతాయి. వాటిలో అందరికీ తెలిసింది శ్రీతాళం, శాస్త్రనామం కొరైఫా అంబ్రాకులిఫెరా. తాళపత్ర గ్రంథాల్లో మేలైనవి దీని ఆకు మీద రాసినవే. ముప్పై నుంచి ఎనభై ఏళ్లు పెరిగి, ఆరు నుంచి ఎనిమిది మీటర్ల ఎత్తు పూగుత్తి వేస్తుంది. మొక్కల లోకంలో ఇంతకంటే పెద్ద పూగుత్తి మరొకటి లేదు. పువ్వులు కోట్ల లెక్కన ఉంటాయి. కాయలు పండేసరికి చెట్టు చచ్చిపోతుంది. బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో బుర్లే మార్క్స్ రూపకల్పన చేసిన ఫ్లమెంగో పార్కులో 1960లలో నాటిన శ్రీతాళాలు 2025 చివర్లో పూసినప్పుడు జనం గుంపులుగా వచ్చి చూశారు.

దీని బంధువు కొరైఫా తాలియెరా కథ ఇంత సంతోషకరమైనది కాదు. సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించి, తర్వాత కలకత్తా తోటకు వెళ్లిన విలియం రాక్స్‌బర్గ్ ఈ జాతికి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. అడవిలో మిగిలిన చివరి చెట్టు 1979లో పశ్చిమ బెంగాల్ బీర్భూం జిల్లాలో పూతకు వచ్చింది. అలాంటి పూత ఎన్నడూ చూడని ఊరివాళ్లు దయ్యం చెట్టని భయపడి నరికేశారు. జాతి బతికి ఉన్నది తోటల్లోనే. ఢాకా విశ్వవిద్యాలయ ఆవరణలోని చెట్టు 2008లో పూసి గింజలిచ్చింది.

మడగాస్కర్‌లో తహినా స్పెక్టాబిలిస్ అనే భారీ పామ్ ఉందని ప్రపంచానికి తెలిసిందే అది పూతలో ఉండగా చూసినవారి వల్ల. 2008లో దాన్ని కొత్త ప్రజాతిగా వర్ణించారు. అడవిలో ఎదిగిన చెట్లు వందలోపే. దాని గింజలను పెంపకందార్లకు అమ్మి, వచ్చిన డబ్బును ఆ చెట్లను కాపాడే ఊరికి అందేలా ఏర్పాటు చేశారు. అరుదైన మొక్కల వ్యాపారం ఇలా కూడా జరగవచ్చు.

పెరటి తోటకు శ్రీతాళం తగదు. ఒక్కో ఆకు ఐదు మీటర్ల దాకా విచ్చుకుంటుంది, నాటినవారు పూత చూస్తారన్న హామీ లేదు. ఒక్కసారి పూసే తీరును ఇంట్లో చూడాలంటే గుబురుగా పెరిగే ఫిష్‌టెయిల్, కారియోటా మైటిస్, సరైనది. పూసిన మాను ఎండినా పక్క పిలకలు కొనసాగుతాయి. దాని కాయ రసం, జీలుగు కాయ రసంలాగే, ఒంటికి తగిలితే విపరీతమైన దురద. పిల్లలు ఆడే చోట నాటకూడదు.

ఈ ప్రాంతానికి తగిన జాతులు

ఎన్ని ఏళ్లకు పూస్తుందన్నది నీటిని బట్టి, నేలను బట్టి మారినా, ఏది ముందు ఏది వెనక అన్న వరుస మాత్రం పెద్దగా మారదు. నీడలో పెరిగే పొట్టి చమెడోరియా ఎలెగాన్స్ కుండీలోనే, మూడు అడుగులకు ముందే పూస్తుంది. మెకాంగ్ నది ఒడ్డుల నుంచి వచ్చిన పిగ్మీ డేట్, ఫీనిక్స్ రోబెలెనై, మోకాలెత్తు మానుతోనే గెల వేస్తుంది. వీటి తర్వాత గుబురు ఫిష్‌టెయిల్, ఫాక్స్‌టెయిల్, ట్రయాంగిల్ వస్తాయి. బాటిల్, రాయల్ ఇంకా వెనక. బిస్మార్కియా, లాటానియా చివర.

వీటిలో ఉత్తర తెలంగాణకు అన్నిటికన్నా నప్పేది బిస్మార్కియా నోబిలిస్. మడగాస్కర్ పడమటి గడ్డిభూముల మొక్క. వెండి రంగు విసనకర్ర ఆకులు, ఎండకూ వడగాలికీ చెక్కుచెదరవు, చలికి కాస్త ఊదారంగు తిరుగుతాయి అంతే. 1881లో దీనికి జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ పేరు పెట్టారు. ఆడా మగా వేరు కాబట్టి ఒకటే నాటితే కాయ ఆశించకూడదు. చోటు మాత్రం చాలా కావాలి, రెండు వందల గజాల ఇంటి ముందు నాటితే పదేళ్లకు ఇల్లు కనిపించదు.

మడగాస్కర్ దక్షిణపు ఎండు ప్రాంతానికి చెందిన ట్రయాంగిల్ పామ్, డిప్సిస్ డెకారీ, మట్టలను మూడు వరుసలుగా పేర్చుకుంటుంది. చెలక నేలకు బాగా సరిపోతుంది. ఆడ పూలు, మగ పూలు ఒకే గెలలో ఉంటాయి కాబట్టి ఒంటి చెట్టుకూ గింజ కట్టే అవకాశముంది. మడగాస్కర్ తాళజాతుల్లో 83 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2012లో ప్రకటించింది. నర్సరీలో వందల్లో దొరికే మొక్క అడవిలోనూ అంతే సులువుగా దొరుకుతుందనుకోకూడదు.

ఫాక్స్‌టెయిల్, వొడ్యెటియా బైఫర్కాటా, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో కేప్ మెల్‌విల్ బండరాళ్ల మధ్య తప్ప ఎక్కడా సహజంగా పెరగదు. 1983లో గాని శాస్త్రీయంగా వర్ణించలేదు. నలభై ఏళ్లలో ప్రపంచమంతా పాకి, ఇవాళ తెలుగు ఊళ్ల అపార్టుమెంట్ల ముందుకు చేరింది. కరీంనగర్ బండరాతి నేల దానికి పుట్టింటి వంటిదే. రేగడిలో మాత్రం ఆకులు పాలిపోతాయి.

బాటిల్ పామ్, హయోఫోర్బె లాజెనికాలిస్, మారిషస్ పక్కన ఉన్న రౌండ్ ఐలండ్ జాతి. మనుషులు తెచ్చి వదిలిన మేకలు, కుందేళ్లు ఆ దీవి పచ్చదనాన్ని మేసేశాయి. మేకలను 1979లో, కుందేళ్లను 1986లో పూర్తిగా తొలగించాకే మొలకలు నిలిచాయి. ఉబ్బిన మాను చూసి నీళ్లు దాచుకుంటుందని, తడపకున్నా ఫరవాలేదని అనుకుంటారు. అది అపోహ. కరీంనగర్, పెద్దపల్లిలో బయట పెంచవచ్చు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు లేత మొక్కకు మొదటి మూడు నాలుగు చలికాలాలు గోనెపట్టా చుట్టడం, తూర్పు గోడ వారగా నాటడం అవసరం. పూతకు ముందు ఆకుపచ్చ స్తంభం కింద మొగ్గలు నిలువు కొమ్ముల్లా చుట్టూ నిలబడతాయి. ఆ దశ చాలా అందంగా ఉంటుంది.

ఎర్రటి మట్టల లిప్‌స్టిక్ పామ్, గుండ్రటి ఆకుల లికువాలా గ్రాండిస్ అమ్మకానికి వస్తుంటాయి. ఇవి బురద అడవుల, తడిగాలి దీవుల జాతులు. గ్రీన్‌హౌస్ లేకుండా వీటిని ఇక్కడ పూయించాలనుకోవడం డబ్బు పారేసుకోవడమే. ఇక పామ్ పేరుతో అమ్మే సైకస్, ట్రావెలర్స్ పామ్ ఈ కుటుంబానివే కావు. సైకస్‌కు అసలు పువ్వే ఉండదు.

గింజ, మొక్క, నాటు

మొక్కలు ఎక్కువగా తూర్పుగోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల నుంచి లారీల్లో వస్తాయి. పెద్ద చెట్టు కొంటే పూత త్వరగా వస్తుందన్న లెక్క అన్నివేళలా నిజం కాదు. నేలలోంచి తవ్వి తీసిన చెట్టు తెగిన వేర్ల స్థానంలో కొత్త వేర్లు వేయడానికి ఏళ్లు తీసుకుంటుంది, ఆ మధ్యలో మానులోని నిల్వ కరిగిపోతుంది. బిస్మార్కియా, లాటానియా వంటివి వేరు కదిలితే సహించవు. సంచిలో పెరిగిన మూడేళ్ల మొక్క చాలాసార్లు పదడుగుల చెట్టును దాటిపోతుంది.

గింజ నుంచి పెంచేవారికి తాటి గేగులు తెలిసి ఉంటే సగం పని తెలిసినట్టే. తాటి టెంకను పాతితే మొలక పైకి రాదు, ముందు లోతుకు దిగుతుంది. ఆ దిగిన భాగం నుంచి అసలు మొక్క లేస్తుంది. చలికాలంలో తవ్వి ఉడికించి తినే గేగు అదే. బిస్మార్కియా, లాటానియా ఇదే పద్ధతిలో మొలుస్తాయి. కాబట్టి లోతు కుండీ గాని, పొడుగాటి పీవీసీ గొట్టపు ముక్క గాని వాడాలి, లేదా ఉండవలసిన చోటే గింజ పాతాలి. ఫాక్స్‌టెయిల్, రాయల్, బాటిల్ గింజలు ఉన్నచోటే పక్కన మొలకేస్తాయి, వాటికి మామూలు సంచి చాలు. చాలా పామ్ గింజలు ఎండితే మొలకెత్తే శక్తి కోల్పోతాయి. కండ తీసేసి, తాజాగా ఉండగానే వేయాలి.

నాటడానికి మృగశిర కార్తె, తొలి వానలు పడ్డాక, మంచి సమయం. సంచిలో మట్టి ఏ మట్టానికి ఉందో నేలలోనూ అంతే ఉండాలి. గాలికి పడిపోతుందని అడుగు లోతు ఎక్కువ పాతిన చెట్టు వెంటనే చావదు, మూడు నాలుగేళ్లు ఆకులు చిన్నవవుతూ నీరసించి పోతుంది.

నీళ్లు, ఎరువు

మొదటి రెండేళ్లు మొదలు తడి ఆరకూడదు. తర్వాత రోజూ చెంబెడు పోయడం కన్నా, నాలుగైదు రోజులకోసారి పాదు నిండా, వేరు లోతుకు దిగేలా పెట్టాలి. ఎండుటాకులు, వరిగడ్డి పాదులో పరిస్తే వేసవి తేమ నిలుస్తుంది. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నీటి వరుస తప్పకుండా చూడటం, పైన చెప్పిన లెక్క ప్రకారం, రెండేళ్ల తర్వాతి గెలకు పెట్టుబడి.

ఎరువు విషయంలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ ఇసుక నేలల్లోని పామ్‌లకు సూచించిన నిష్పత్తి నత్రజని 8, భాస్వరం 2, పొటాష్ 12, దాంతో పాటు మెగ్నీషియం 4. ఇందులో గ్రహించవలసింది భాస్వరం తక్కువ, పొటాష్ ఎక్కువ అన్నది. వరికి వేయగా మిగిలిన డీఏపీని పామ్ మొదట్లో చల్లడం సరిగ్గా దీనికి వ్యతిరేకం. యూరియా మితంగా, మ్యూరేట్ ఆఫ్ పొటాష్, మెగ్నీషియం సల్ఫేట్ కలిపి, చివికిన పశువుల ఎరువుతో ఏడాదికి మూడు దఫాలుగా వేయవచ్చు. చెలక నేలలకు పొటాష్ అవసరం ఎక్కువ, రేగడికి తక్కువ.

క్షారం ఎక్కువున్న నేలల్లో, ఉప్పటి బోరు నీటి కింద కొత్త ఆకు చిన్నగా, కాల్చినట్టు ముడుచుకుని వస్తే అది మాంగనీసు లోపం. మాంగనీసు సల్ఫేటును మొదట్లో వేసి ఆకుల మీదా పిచికారీ చేయాలి. ఆకు చివర కొక్కెంలా వంగి విచ్చుకోకపోతే బోరాన్ లోపం. రెండూ మొవ్వును దెబ్బతీసేవి కాబట్టి పూత సంగతి తర్వాత, ముందు చెట్టు ప్రాణం దక్కించుకోవాలి.

చీడలు, తెగుళ్లు

కొమ్ము పురుగు పెంటకుప్పలో పుట్టి మొవ్వును తొలుస్తుంది. విచ్చుకున్న ఆకు కత్తెరతో కత్తిరించినట్టు కనిపిస్తే దాని పనే. లేత మొక్కల పై మట్టల చంకల్లో మూడు నాఫ్తలీన్ గోళీలు పెట్టి ఇసుకతో కప్పి, నలభై అయిదు రోజులకోసారి మార్చడం కొబ్బరి రైతులకు తెలిసిన ఉపాయమే. గోళీలు పెట్టి, పక్కనే పెంటకుప్పను అలాగే ఉంచితే ప్రయోజనం ఉండదు. ఎర్రముక్కు పురుగు పచ్చి గాయం వాసనకు వస్తుంది. పచ్చి మట్టలు నరకకూడదనడానికి ఇది ఇంకో కారణం. 2016లో దేశంలోకి వచ్చిన సర్పిలాకార తెల్లదోమ కొబ్బరినే కాక అలంకార పామ్‌లనూ పడుతుంది. ఆకు అడుగున తెల్లటి చుట్టలు, కింది ఆకుల మీద నల్లటి మసి దాని గుర్తులు. నీటిని బలంగా చిమ్మి కడగడం, వేపనూనె కొట్టడం ఇంటి తోటకు చాలు.

మొవ్వు కుళ్ళు తెగులుకు తెలుగు నేలతో పాత సంబంధం ఉంది. గోదావరి డెల్టాలో తాడిచెట్లు గుంపులుగా చస్తుంటే పరిశీలించిన ఇ. జె. బట్లర్, దానికి కారణమైన శిలీంధ్రం లాంటి జీవికి 1907లో పేరు పెట్టాడు. ఇవాళ దాన్ని ఫైటాఫ్తొరా పామివోరా అంటారు. కోకో, రబ్బరు, బొప్పాయి తోటలనూ పీడించే ఈ జీవి శాస్త్ర చరిత్ర మన తాడి నుంచే మొదలైంది. అప్పట్లో మద్రాసు ప్రభుత్వం చెట్లెక్కేవారిని పెట్టి, తెగులు సోకిన తలలు నరికించి కాల్పించింది. వానాకాలంలో నడిమి ఆకు వాడి, లాగితే ఊడి, కుళ్ళు వాసన వస్తే ఇదేనని అనుమానించాలి. మొదట్లోనే కుళ్ళిన భాగం తీసి బోర్డో పేస్టు పూస్తే ఒక్కోసారి బతుకుతుంది.

పరాగం, గింజ

పూత వచ్చిందంటే గింజ వచ్చినట్టు కాదు. ఒకే గెలలో రెండు రకాల పూలున్న చాలా జాతుల్లో మగపూలు ముందు విచ్చుకుని రాలిపోయాక ఆడపూలు సిద్ధమవుతాయి. అప్పటికి ఇంకో గెలలోనో ఇంకో చెట్టు మీదనో పుప్పొడి ఉంటేనే కాయ. మారిషస్‌లోని క్యురిపీప్ తోటలో హయోఫోర్బె అమారికాలిస్ జాతిలో మిగిలిన ఒకే ఒక చెట్టుకు వచ్చిన కష్టం ఇదే. అది పూస్తుంది, కాని దాని మగపూలకూ ఆడపూలకూ వేళ కలవదు, జోడుగా రెండో చెట్టు లేదు. ఈ తేడాను చూసుకునే ఇంటి తోటలో ఒక జాతివి కనీసం మూడు మొక్కలు నాటమంటారు, చోటుంటే.

పుప్పొడిని మోసేదెవరన్నది కూడా తేల్చుకోవాలి. పెంపకానికి తెచ్చిన జాతితో పాటు దాని పురుగు రాకపోవచ్చు. ఆయిల్ పామ్ మన దేశానికి వచ్చిన కొత్తల్లో మనుషులే చేత్తో పుప్పొడి చల్లేవారు. 1985లో ఆఫ్రికాకు చెందిన దాని సొంత ముక్కుపురుగు ఎలైడోబియస్ కామెరూనికస్‌ను తెచ్చి వదిలాకే ఆ పని తగ్గింది. పెరటి పామ్‌లలో తేనెటీగలు చాలా వాటికి సరిపోతాయి. బిస్మార్కియా, పిగ్మీ డేట్ వంటి ఆడమగ వేరు జాతులకు మాత్రం చేతి సాయం మంచిది. మగగెల విచ్చుకున్న పొద్దున కాగితం మీద దులిపి, నీడన ఆరబెట్టి, గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో పెడితే వారాల తరబడి పనికొస్తుంది.

ఈ పని ఎంత దూరం వెళ్లగలదో కోల్‌కతా దగ్గరి హౌరా వృక్షోద్యానంలోని జంట కొబ్బరి చెప్తుంది. సీషెల్స్ దీవుల ఆ చెట్టును 1894లో నాటారు. దాదాపు తొంభై నాలుగేళ్లకు పూసినప్పుడు గాని అది ఆడదని తెలియలేదు. దగ్గరలో మగచెట్టు లేకపోవడంతో థాయ్‌లాండ్ నుంచి తెప్పించిన పుప్పొడితో 2013లో చేసిన ప్రయత్నం ఫలించి కాయ నిలిచింది.

ఈ ప్రాంతంలో గింజ సేకరించేవారికి ఒక చిక్కు ఉంది. ఈత ప్రజాతి జాతులన్నీ ఒకదానితో ఒకటి సులువుగా సంకరమవుతాయి. ఊరి చుట్టూ ఈతచెట్లున్న చోట పిగ్మీ డేట్ ఆడచెట్టుకు కట్టిన గింజల్లో చాలా భాగం సగం ఈతవి కావచ్చు. నాలుగేళ్లు తిరిగేసరికి అవి కుండీ దాటి గోడెక్కుతాయి. మేలి గింజ కావాలంటే ఆడగెల తొడుగు పగలకముందే బట్టసంచి కట్టి, దాచిన పుప్పొడి చల్లి, పువ్వు వాడి పిందె కనిపించేదాకా సంచి విప్పకూడదు.